ఇంటివారికి లీవర్ రైఫిల్: అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ



మహాసభలలో ఇమిగ్రేషన్, పన్నులు, వీలునామాల వంటి విషయాల మీద సదస్సులు నడపడం అమెరికాలోని తెలుగు సంఘాలకు అలవాటైన పనే. ఇంట్లో ఒకరికి తుపాకీ కానుకగా ఇవ్వాలనుకునే తెలుగు కుటుంబం ఏ వరుసలో ఆలోచించాలన్న విషయానికి కూడా వాటి సరసన ఒక గంట కేటాయించాలని ఈ లేఖ మనవి చేస్తున్నది. స్కౌట్ శిబిరంలో రైఫిల్ షూటింగ్ బ్యాడ్జీ సంపాదించుకుని వచ్చిన కుమారుడు, ఆఫీసు మిత్రులతో జింకల వేటకు అలవాటుపడిన అల్లుడు, టెక్సస్‌లో ఊరికి దూరంగా నాలుగెకరాలు కొనుక్కున్న బావగారు, ఇలా తుపాకీ అడిగేవారు, అడగకపోయినా ఇస్తే సంతోషించేవారు తెలుగు ఇళ్ళలోనూ ఉన్నారు. 1971లో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ నుంచి 2002 నాటి ‘టక్కరి దొంగ’ దాకా తెలుగు ప్రేక్షకులు కౌబాయ్ వేషాన్ని తమదిగా చేసుకున్నారు కనుక, దుకాణంలో బారులు తీరిన తుపాకుల మధ్య వారి చూపు ముందుగా లీవర్ యాక్షన్ రైఫిల్ మీద వాలడంలో వింత లేదు. అయితే ఆ చూపుతోనే ఎంపిక ముగించడం మంచిది కాదు. వీసా మీద బతుకుతున్న కుటుంబంలోనైతే అది నేరంగా కూడా పరిణమిస్తుంది. తుపాకీ కొనమని చెప్పడం గాని, కొనవద్దని వారించడం గాని ఈ లేఖ ఉద్దేశం కాదు; ఇవ్వదలచినవారు పుచ్చుకునే మనిషి హోదాను, ఒడ్డూ పొడుగును, ఉండే రాష్ట్రాన్ని ముందు చూసుకుని, రైఫిల్ పేరును అన్నిటికంటే చివర తలచుకోవాలన్నదే ఇందులోని వాదం.

వస్తువు స్వరూపం తెలియనిదే మిగిలిన మాట సాగదు. రైఫిల్ మడమను, అంటే భుజానికి ఆనే కొయ్య భాగాన్ని, పట్టుకునే చోట ట్రిగ్గర్ చుట్టూ ఒక ఇనుప చట్రం ఉంటుంది. లీవర్ యాక్షన్‌లో ఆ చట్రమే మీటగా పనిచేస్తుంది. దానిని కిందికి దించినప్పుడు కాల్చిన తూటా తాలూకు ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోతుంది, వెనక ఉన్న హ్యామర్ అనే చిన్న సుత్తి వెనక్కి వాలి నిలుస్తుంది. మళ్ళీ పైకి మూసినప్పుడు గొట్టం కింద వరుసగా పేర్చి ఉన్న తూటాలలో అన్నిటికంటే వెనకనున్నది పైకి లేచి, గొట్టం మొదట్లో ఛాంబర్ అనబడే గదిలోకి చేరుతుంది. మీట ఆడించకుండా రెండవ తూటా పేలదు కనుక దీనిని సెమీ ఆటోమేటిక్ తుపాకుల కోవలో లెక్కించరు. పెద్ద జంతువుల వేటలో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళకు చోటివ్వని పెన్సిల్వేనియాలో ఈ రకానికి తరతరాలుగా ఆదరణ ఉండడానికి ఇదొక కారణం. బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంట్ పొందిన రైఫిల్ పదహారు తూటాలు పట్టే మేగజైన్‌తో అంతర్యుద్ధ కాలంలోనే పేరు తెచ్చుకోగా, దాని వారసత్వంగా వించెస్టర్ సంస్థ 1866లోను, 1873లోను తెచ్చిన నమూనాలు పశ్చిమ ప్రాంతాలకు వలసపోయినవారి చేతుల్లోకి వెళ్ళాయి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నమూనా డెబ్బై లక్షలకు పైగా తయారై, వేటకు వెళ్ళే ఇళ్ళలో తాత నుంచి మనవడికి సంక్రమించే వస్తువుగా స్థిరపడింది.

ఆ సంక్రమణమే తెలుగు కుటుంబాలకు మొదటి చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను తుపాకీ లైసెన్సు 1959 నాటి ఆయుధ చట్టం కింద ఒక మనిషి పేరిట ఉంటుంది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారు మరణించినప్పుడో, లేక ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండడం, లైసెన్సు పొంది పాతికేళ్ళు గడవడం అనే రెంటిలో ఏది ముందు వస్తే అప్పుడో, వారసుడు తన పేరిట లైసెన్సు కోరవచ్చు. ఏం చేసినా ప్రభుత్వపు గుమ్మం తొక్కి చేయవలసిందే కనుక అక్కడ పొరపాటుకు తావు తక్కువ. అమెరికాలో చాలా రాష్ట్రాలలో రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు గనుక అంతా సులువేనన్న భావన కలుగుతుంది గాని, అక్కడి ఫెడరల్ చట్టం వస్తువును వదిలి మనిషిని పట్టుకుంటుంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 వంటి తాత్కాలిక వీసాలపై దేశంలోకి వచ్చినవారు తుపాకీని గాని, తూటాను గాని తమ స్వాధీనంలో ఉంచుకోవడం 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టంలో తర్వాత చేర్చిన నిబంధనల కింద నేరం. షూటింగ్ రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా స్వాధీనమే అవుతుంది కనుక, ఇండియా నుంచి వచ్చిన మామగారికి సరదా చూపిద్దామని రేంజికి తీసుకుపోయి చేతికి రైఫిల్ అందించిన అల్లుడు ఆయనతో పాటు తానూ చట్టానికి చిక్కుతాడు. చేతికి తీసుకోకూడని మనిషి అని తెలిసి తుపాకీ అందించడం కూడా నేరమే. వీసా అవసరం లేకుండా వచ్చే బ్రిటిష్ పర్యాటకుడికి ఈ నిషేధం వర్తించదనీ, వీసాతో వచ్చే భారతీయుడికి వర్తిస్తుందనీ తెలిసినప్పుడు దాని తర్కం ఎవరికైనా విడ్డూరంగానే తోస్తుంది, కానీ ప్రస్తుతానికి చట్టం అలాగే ఉన్నది.

ఈ నిషేధానికి ఉన్న మినహాయింపులలో మామూలు కుటుంబానికి పనికివచ్చేది ఒక్కటే: అమెరికాలోని ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్‌లో సాధారణ వేట లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. హెచ్-1బి మీద ఉన్న ఉద్యోగి ఆ లైసెన్సు ఆధారంగా రైఫిల్ కొనుక్కుని, సెప్టెంబరులో కొత్తది తీసుకోవడం మరచిపోయాడంటే, తన ఇంటి బీరువాలో కదలకుండా పడి ఉన్న రైఫిల్ వల్లనే నిందితుడయ్యే పరిస్థితి ఏర్పడుతుంది. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ బాధ లేదు. అయితే దేశాలవారీ పరిమితుల వల్ల భారతీయులు ఆ వరుసలో ఏళ్ళ తరబడి నిలబడవలసి వస్తున్నది కనుక, ‘దరఖాస్తు ముందుకు సాగిపోయింది, ఇక ఫరవా లేదు’ అనుకుని హెచ్-1బి మీదే ఉండగా తుపాకీ కొనడం సాహసమే. గ్రీన్‌కార్డు ఉన్నవారు కూడా మరచిపోకూడని సంగతి ఏమంటే, పౌరసత్వం లేనివారికి తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపివేసే కారణాల జాబితాలో అది ఉన్నది. సంఘాల సదస్సులలో ఇమిగ్రేషన్ న్యాయవాదులు చెప్పవలసిన మాటలలో ఇది ముఖ్యమైనది.

మరింత సున్నితమైన సందర్భం, తల్లిదండ్రులు వీసా మీద ఉండి, అమెరికాలో పుట్టిన పిల్లవాడు పౌరుడైన ఇల్లు. పదిహేనేళ్ళ ఆ పిల్లవాడికి లైసెన్సు ఉన్న వ్యాపారి రైఫిల్ అమ్మడానికి వీలు లేదు, ఎందుకంటే రైఫిల్‌కు కనీస వయస్సు పద్దెనిమిది. తండ్రి కొందామంటే తండ్రికే అర్హత లేదు. పౌరుడైన మేనమామ కొనిస్తాడనుకుంటే, ఆ రైఫిల్ ఉండే బీరువా తాళంచెవి తండ్రి దగ్గర ఉన్న క్షణాన అది తండ్రి స్వాధీనంలో ఉన్నట్లేనని కోర్టు భావించడానికి ఆస్కారం ఉన్నది. తన అదుపులో ఉన్న చోట వస్తువు ఉండడం కూడా స్వాధీనమేనన్నది అమెరికా న్యాయస్థానాల స్థిరమైన అభిప్రాయం. అటువంటి ఇంట్లో సరైన జవాబు రైఫిల్‌ను మేనమామ పేరిట, మేనమామ ఇంట్లోనే ఉంచి, పిల్లవాడు అక్కడికి వెళ్ళినప్పుడు ఆయన పర్యవేక్షణలో నేర్చుకోవడం, అదీ ఆ రాష్ట్ర చట్టం సమ్మతించిన మేరకు.

కొనుగోలు సమయంలో వ్యాపారి ముందు నింపే 4473 ఫారం గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. తానే అసలు కొనుగోలుదారునని సంతకం చేసేవారు అందులో ప్రకటించాలి. తన సొమ్ముతో కొని, ప్రతిఫలమేమీ ఆశించకుండా, అర్హత ఉన్న మరొకరికి బహుమతిగా ఇచ్చేవారు అసలు కొనుగోలుదారే అవుతారు. మరొకరి సొమ్ముతో మరొకరి కోసం కొంటే మాత్రం అది బినామీ కొనుగోలు. ఆస్తుల విషయంలో బినామీ అంటే ఏమిటో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు గాని, అయినవారి మధ్య, ఎవరినీ మోసగించే ఉద్దేశం లేకుండా జరిగినా ఇది నేరమేనన్న సంగతి చాలామందికి కొరుకుడు పడదు. అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు అధికారి వర్జీనియాలో తనకు దొరికే రాయితీని ఉపయోగించుకుని, పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ కోసం, ఆయన పంపిన 400 డాలర్ల చెక్కుతో పిస్తోలు కొన్న వ్యవహారం 2014లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇద్దరికీ తుపాకీ కొనే అర్హత ఉన్నప్పటికీ, ఫారంలో అసలు కొనుగోలుదారునని రాయడం అసత్య ప్రకటనేనని అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో తేలింది. ‘నువ్వు కొనేసి ఉంచు బావా, డబ్బు తర్వాత జెల్ యాప్‌లో వేస్తాను’ అన్న మాట బంధువుల మధ్య ఎంత సహజమో, తుపాకీ విషయంలో అంత ప్రమాదకరం. 2022లో వచ్చిన కొత్త చట్టం అర్హత లేనివారి కోసం చేసే బినామీ కొనుగోలును ప్రత్యేక నేరంగా నిర్వచించి, పదిహేనేళ్ళ దాకా శిక్షకు వీలు కల్పించింది.

ఇచ్చేవారు ఒక రాష్ట్రంలోను, పుచ్చుకునేవారు మరొక రాష్ట్రంలోను ఉంటే, సూట్‌కేసులో పెట్టుకువెళ్ళి చేతికి అందించడం కుదరదు. పుచ్చుకునేవారి రాష్ట్రంలోని లైసెన్సుదారు వ్యాపారికి పంపి, అక్కడ వారు తమ ఫారం తాము నింపి తీసుకోవాలి. వీలునామా ద్వారా సంక్రమించేదానికి మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉన్నది. దాని మీద రాష్ట్రాల సొంత చట్టాలు వేరు. తెలుగువారు కిక్కిరిసి ఉన్న న్యూజెర్సీలో రైఫిల్ పుచ్చుకునేవారికి ముందుగా పోలీసుల ద్వారా పొందిన కొనుగోలుదారు గుర్తింపు కార్డు ఉండాలి. ఇల్లినాయ్‌లో తుపాకీ ఇంట్లో ఉంచుకోవడానికే ఫోయిడ్ అనే కార్డు కావాలి. కాలిఫోర్నియాలో పది రోజుల నిరీక్షణ తప్పదు. ఈ చిక్కులన్నీ చూసినప్పుడు, రంగుకాగితం చుట్టిన పెట్టెలో రైఫిల్ ఇవ్వడం కంటే స్థానిక తుపాకుల దుకాణం వారి గిఫ్ట్ కార్డు ఇచ్చి, పుచ్చుకునేవారిని వెంటబెట్టుకుని వెళ్ళి, వారి చేతనే ఎంపిక చేయించి, వారి చేతనే ఫారం నింపించడం ఎన్నో రెట్లు మేలైన పద్ధతి. పెట్టె విప్పినప్పటి ఆశ్చర్యం కొంత తగ్గుతుందేమో గాని, ఎంపిక సరిగా జరగడానికి కూడా అదే మార్గం, ఎందుకంటే రైఫిల్ పుచ్చుకునే మనిషి భుజానికి కుదరాలి.

మడమ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే పొడవును భుజకొలత అనుకుంటే, పెద్దల కోసం చేసిన సాధారణ రైఫిల్‌లో అది పదమూడున్నర, పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. అయిదడుగుల ఎత్తు ఉన్న స్త్రీకో, పన్నెండేళ్ళ పిల్లవాడికో ఆ కొలత ఎక్కువ. చేయి చాచి ట్రిగ్గర్‌ను అందుకోబోయి శరీరాన్ని వెనక్కి వంచుతారు, తల కొయ్య మీద సరిగా ఆనదు, మీటను పూర్తిగా చివరిదాకా దించే బలం చేతికి చిక్కదు. మీట సగం దిగి మళ్ళీ మూసుకుంటే ఖాళీ తొడుగు బయటపడక, కొత్త తూటా లోపలికి రాక మధ్యలో ఇరుక్కుంటుంది. నేర్చుకునేవారు తుపాకీలో లోపమని అనుకునే వాటిలో చాలా భాగం ఈ సగం దించడమే. హెన్రీ సంస్థ చేసే .22 రైఫిల్ మామూలు నమూనా అయిదుంపావు పౌండ్ల బరువు ఉండగా, పిల్లల కోసం చేసిన నమూనా నాలుగున్నర పౌండ్లు, భుజకొలత ఒక అంగుళం తక్కువ. వినడానికి స్వల్పంగా ఉన్న ఈ తేడా భుజానికి ఎత్తి పట్టుకున్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఎడమచేతివాటం వారికి లీవర్ రైఫిల్‌లో ఒక సౌలభ్యం ఉన్నది: బోల్టు రైఫిల్ పిడి కుడివైపు ఉండడం వల్ల వారు ప్రత్యేక నమూనా వెతుక్కోవలసి వస్తుంది గాని, మీట మధ్యలో ఉన్నందున ఇక్కడ ఏ చేతికైనా ఒకటే. అరవై దాటిన తండ్రికి ఇచ్చేవారు కంటి సంగతి చూసుకోవాలి. వెనక సూచిక, ముందు సూచిక, దూరాన గురి, ఈ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడడం చత్వారం వచ్చిన కంటికి సాధ్యం కాదు కనుక టెలిస్కోపు అమర్చడానికి వీలున్న నమూనా అవసరమవుతుంది. 1980లకు ముందు తయారైన వించెస్టర్ 94 ఖాళీ తొడుగును నిటారుగా పైకి విసురుతుంది కనుక దాని నెత్తిన టెలిస్కోపు నిలపడం కష్టం. పక్కకు విసిరే మార్లిన్ 336కు ఆ ఇబ్బంది లేదు.

దుకాణంలో అడగవలసిన ప్రశ్నలన్నిటిలోకి ముఖ్యమైనది, సాధారణంగా ఎవరూ అడగనిది, హ్యామర్‌కు సంబంధించినది. వేటగాడు జింకను చూసి హ్యామర్‌ను వెనక్కి లాగి గురిపెట్టాడు, జింక చెట్ల చాటుకు పోయింది. ఇప్పుడు ఛాంబర్‌లో తూటా ఉన్నది, హ్యామర్ పేలడానికి సిద్ధంగా ఉన్నది. దానిని దించాలంటే గొట్టాన్ని ప్రమాదం లేని దిక్కుకు తిప్పి, బొటనవేలితో హ్యామర్‌ను గట్టిగా అదిమి పట్టుకుని, చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్‌ను బొటనవేలి అదుపులోనే మెల్లగా ముందుకు దించాలి. చలికి మొద్దుబారిన వేలు, చేతితొడుగు, చెమట, చిన్న చేయి, వీటిలో ఏ ఒక్కటి వల్ల హ్యామర్ జారినా రైఫిల్ పేలుతుంది. టెలిస్కోపు అమర్చి ఉంటే బొటనవేలు దూరే సందు కూడా ఉండదు కనుక హ్యామర్‌కు పక్కగా తగిలించే చిన్న కొక్కెం ఒకటి విడిగా కొనుక్కోవాలి. పాత రైఫిళ్ళలో దీనికి రక్షణగా ఉన్నది హ్యామర్‌ను సగంలో ఆపే గాడి మాత్రమే. మార్లిన్ 1984లోను, వించెస్టర్ 1992లోను అడ్డంగా నొక్కే సేఫ్టీ బొత్తాన్ని చేర్చినప్పుడు పాత అభిమానులు అందం చెడిందని సణిగారు. పిల్లల కోసం, కొత్తగా నేర్చుకునేవారి కోసం కొనే ఇంట్లో ఆ సణుగుడును పట్టించుకోనవసరం లేదు. ఏ నమూనా కొన్నా, ఖాళీ ఛాంబర్‌తో హ్యామర్ దించడం వందసార్లు సాధన చేయించనిదే తూటా చేతికి ఇవ్వకపోవడం మంచి గురువులు పాటించే నియమం.

తూటా ఎంపికలో తొలిసారి నేర్చుకునేవారికి .22 లాంగ్ రైఫిల్ తప్ప మరొకటి కొనడం అనవసరమన్నది ఈ లేఖ నిశ్చితాభిప్రాయం. ఇందులో గుండు వ్యాసం అంగుళంలో నూటికి ఇరవైరెండు వంతులు, బరువు సాధారణంగా నలభై గ్రెయిన్లు. ఏడువేల గ్రెయిన్లు ఒక పౌండు కనుక అది రెండున్నర గ్రాములకు కొంచెం పైమాట. వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, తూటా చవక, కనుక ఒక పూటలో తనివితీరా కాల్చవచ్చు. అంత చిన్న గుండు కూడా ఒక మైలుకు మించి ప్రయాణించగలదు కనుక బొమ్మతుపాకీ అన్న భ్రమ పనికిరాదు. దీని తర్వాతి మెట్టుగా .357 మాగ్నమ్ రైఫిల్‌ను చెప్పుకోవచ్చు, ఎందుకంటే అదే రైఫిల్‌లో మెత్తని .38 స్పెషల్ తూటాలు కూడా పేలతాయి. భుజం అలవాటుపడేదాకా మెత్తనివి, వేటకు గట్టివి వాడుకోవచ్చు. జింకల వేటలో పేరుమోసిన .30-30 తూటా 1895 నుంచి వాడుకలో ఉన్నది. 150 లేక 170 గ్రెయిన్ల గుండుతో, చెట్లు దట్టంగా ఉన్న తూర్పు అడవులలో 150 గజాల లోపు దూరానికి అది చాలినంత. 1873లో సైన్యం కోసం పుట్టిన .45-70 మీద సినిమా ప్రభావంతోనో, పెద్దది మంచిదన్న నమ్మకంతోనో మోజుపడేవారు ఉన్నారు గాని, ఒకే బరువున్న రైఫిల్‌లో అది .30-30 కంటే దాదాపు రెట్టింపు బలంతో భుజాన్ని తంతుంది. కొత్తవారికి ఒకసారి ఆ దెబ్బ తగిలితే, ఆ తర్వాత ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటారు.

రాష్ట్రం మారితే తూటా కూడా మారవచ్చు. ఒహాయోలో జింకల వేటకు 2014 నుంచి రైఫిల్‌ను అనుమతించారు గాని, తొడుగు సీసా మెడలాగా సన్నబడకుండా నిటారుగా ఉండే తూటాలకే ఆ అనుమతి, మెడ ఉన్న .30-30 అక్కడ చెల్లదు, .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45-70 చెల్లుతాయి, అదీ రైఫిల్‌లో మొత్తం మూడు తూటాలకు మించకుండా. ఇండియానా అవతల ఉన్న ఇల్లినాయ్ 2023లో రైఫిళ్ళకు తలుపు తీసింది గాని ఒకే ఒక్క తూటా పట్టేవాటికే, అంటే లీవర్ రైఫిల్ జింక వేటకు అక్కడ పనికిరాదు. న్యూజెర్సీలో జింకల మీద ఇటువంటి రైఫిళ్ళు వాడడానికి అనుమతే లేదు. ఒహాయోలోని కొలంబస్‌లో ఉన్న అల్లుడికి డల్లాస్‌లో ఉన్న మామగారు తనకు నచ్చిన .30-30 కొనిపెట్టడం వల్ల అది గోడకు తగిలించుకునే అలంకారంగా మిగిలిపోతుంది. గొట్టం కింద తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉండే రైఫిళ్ళలో మొన తేలిన గుండ్లు వాడరాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న పేలుడు బిందువును తాకుతూ ఉంటుంది కనుక, రైఫిల్ తన్నినప్పుడు లోపలే పేలే ప్రమాదం ఉన్నది. అందుకే వాటికి మొద్దుమొన గుండ్లు, లేదా హార్నడీ సంస్థ చేసే రబ్బరులాంటి మెత్తని మొన ఉన్న గుండ్లు వాడతారు.

తయారీదారుల విషయం క్లుప్తంగా చెప్పినా చాలు. ఇప్పటి హెన్రీ సంస్థ 1996లో బ్రూక్లిన్‌లో మొదలైనది, పాత హెన్రీతో దానికి పేరు తప్ప పరంపర లేదు, అయినా .22 రైఫిళ్ళలో దానికి మంచి పేరున్నది. వించెస్టర్ వారి న్యూ హేవెన్ కర్మాగారం 2006లో మూతపడింది, ఆ పేరుతో వచ్చే 94 నమూనా ఇప్పుడు జపాన్‌లోని మిరోకు సంస్థ చేతిలో తయారవుతున్నది, పనితనంలో అది పాతవాటికి తీసిపోదు. మార్లిన్‌ను 2007లో కొన్న రెమింగ్టన్ దివాలా తీయడంతో 2020లో రూగర్ సంస్థ దానిని చేజిక్కించుకుని, నార్త్ కరోలినాలో మళ్ళీ ఉత్పత్తి ప్రారంభించింది. పాతవి కొనేవారు 1964కు ముందరి వించెస్టర్ల కోసం, గొట్టం మీద జేఎం ముద్ర ఉన్న మార్లిన్ల కోసం ఎక్కువ సొమ్ము పెడతారు; కానుక వాడుక కోసమైతే ఆ ఎక్కువ సొమ్మును చెవి రక్షణకు, కంటద్దాలకు, తాళమున్న ఉక్కు బీరువాకు, శిక్షణకు ఖర్చు చేయడం ఉత్తమం. 

ఇవ్వకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలో తుపాకీ వల్ల సంభవించే మరణాలలో సగానికి మించినవి ఆత్మహత్యలే. కనుక ఉద్యోగం పోయిన దిగులులో ఉన్న తమ్ముడికి, విడాకుల గొడవలో ఉన్న స్నేహితుడికి, చదువులో వెనకబడి గదిలోంచి బయటికి రాని కొడుకుకు ‘మనసు మళ్ళుతుంది’ అన్న ఆలోచనతో తుపాకీ ఇవ్వడం కంటే అవివేకం లేదు. తెలుగు ఇళ్ళలో మనోవ్యథను ఇంటి గుట్టుగా దాచే అలవాటు ఉన్నందువల్ల, ఇచ్చేవారికి ఆ సంగతి తెలియకపోయే అవకాశం ఎక్కువ. అందుచేత కానుక గురించి ముందుగా ఆ ఇంటి ఇల్లాలితోనో, తల్లితోనో మాట్లాడడం మర్యాదకు మించిన అవసరం. 2021 నవంబరులో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ పాఠశాలలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపిన పదిహేనేళ్ళ బాలుడికి ఆ పిస్తోలు నాలుగు రోజుల ముందు తండ్రి కొనిచ్చిన కానుక. 2024లో తల్లికీ తండ్రికీ విడివిడిగా నేరం రుజువై, ఒక్కొక్కరికి పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ శిక్ష పడింది. ఆ రాష్ట్రంలో అదే ఏడాది నుంచి, మైనర్లు మసలే ఇంట్లో తుపాకీని తాళం వేసి ఉంచడం చట్టరీత్యా తప్పనిసరి అయింది. చట్టం ఉన్నా లేకున్నా రైఫిల్ ఖాళీగా ఒక తాళంలోను, తూటాలు మరొక తాళంలోను ఉండాలి. లీవర్ రైఫిల్ ఖాళీ చేయడంలో ఒక మెలిక ఉన్నది: పక్కనున్న ద్వారం గుండా తూటాలు ఎక్కించే పాత పద్ధతి నమూనాలలో, ఒక్కొక్క తూటానూ మీట ఆడించి ఛాంబర్ గుండానే బయటికి తీయాలి, అంటే ఖాళీ చేసే పని ముగిసేదాకా అది ప్రతి ఆడింపుకూ పేలడానికి సిద్ధమవుతూనే ఉంటుంది. గొట్టం కింది నాళికను ముందు నుంచి లాగి తూటాలను ఒక్కసారిగా దొర్లించివేసే నమూనాలు పిల్లలున్న ఇంటికి ఎక్కువ అనువైనవి.

కార్యవర్గాలను కోరేది పెద్ద కార్యక్రమమేమీ కాదు. మహాసభలలోని ఇమిగ్రేషన్ సదస్సులో వీసాకూ తుపాకీకీ ఉన్న సంబంధం గురించి న్యాయవాది చేత పది నిమిషాలు చెప్పించడం. ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖలో వేట భద్రత నేర్పే శిక్షకుడిని పిలిపించి, తూటా లేని రైఫిల్‌తో భుజకొలత చూసుకోవడం, హ్యామర్ దించడం ఎలాగో చూపించడం. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ పథకం కింద స్థానిక పోలీసుల ద్వారా ఉచితంగా దొరికే కేబుల్ తాళాలను ఆ గది బయట ఒక బల్ల మీద ఉంచడం. న్యూజెర్సీ, టెక్సస్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా నిబంధనలను తెలుగులో ఒక్కొక్క పుటలో అచ్చువేసి సావనీరుతో పాటు పంచడం, ఏటా న్యాయవాది చేత సరిచూపించుకుంటూ. ఆ పుటలో ఫెడరల్ నిషేధం, వేట లైసెన్సు గడువు, బినామీ కొనుగోలు, రాష్ట్రాల మధ్య బదిలీ, ఈ నాలుగూ పెద్ద అక్షరాలలో ఉంటే చాలు. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే వేట భద్రతా శిక్షణ పొంది ఉండాలి. కొత్త లైసెన్సులు ఆగస్టు మధ్యలో అమ్మకానికి వస్తాయి, శరదృతువులో వేట మొదలవుతుంది. మహాసభలు సాధారణంగా జూలై మొదటి వారంలో జరుగుతాయి కనుక, ఈ సదస్సును ఆ కార్యక్రమంలోనే చేర్చగలిగితే, శిక్షణ తరగతికి పేరు నమోదు చేసుకోవడానికి కుటుంబాలకు తగినంత వ్యవధి మిగులుతుంది.